కొలంబో వెళ్ళిన మద్రాసు మంత్రి

మొన్న పండక్కి కందుకూరు వెళ్ళినప్పుడు మా పెదనాన్నకీ నాకూ మాటామాటా పెరిగింది. ఆస్తి గొడవ కాదు, పెళ్ళి సంబంధమూ కాదు. ఎవరో నాయకుడికి ఈసారి టికెట్ ఇవ్వకుండా ఏదో దేశానికి రాయబారిగా పంపుతారట అని టీవీలో ఒక పుకారు నడుస్తోంది. పెదనాన్న వక్కపలుకు నోట్లో వేసుకుని, "అదొక పదవంట్రా? ఊళ్ళో ఉంటే అడ్డం పడతాడని విమానం ఎక్కిస్తన్నారు. పింఛను పదవి అది," అని తేల్చేశాడు.

"వి.వి. గిరి కూడా ఆ పదవి చేశాడు పెదనాన్నా, కొలంబోలో," అన్నాను.

"చేశాళ్ళే. ఏం ఒరగబెట్టాడంట ఆడ?"

నా దగ్గర జవాబు లేదు. గిరి గారి గురించి నాకున్నది గ్రూప్ టూ గైడు తెలివి. కార్మిక నాయకుడు, మద్రాసు మంత్రి, సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక) హైకమిషనర్ అంటే రాయబారే, కేంద్రమంత్రి, మూడు రాష్ట్రాలకి గవర్నరు, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి. బట్టీ పట్టిన ఆ వరసలో సిలోన్ ముక్క పినాకిని ఎక్స్‌ప్రెస్ ఆగని స్టేషన్ బోర్డులా వెనక్కి వెళ్ళిపోయేది. 1947 నుంచి 1951 దాకా ఆయన అక్కడున్నాడు. ఒక మనిషి జీవితంలో నాలుగేళ్ళు. దాని గురించి అడిగితే ఒక్క వాక్యం చెప్పలేకపోవడం నాకు నామోషీగా అనిపించింది. ఆ నామోషీతోనే ఈ మూడు నెలలూ దొరికింది చదివాను.

చదివాక పెదనాన్న మాట సగం నిజం అనిపించింది. ఆ సగం ఏదో, మిగతా సగం ఎందుకు కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మన వైపు సంగతి. 1937 జులైలో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ఆయనతో కలిపి పదిమంది. రెవెన్యూ టంగుటూరి ప్రకాశం గారిది. ఒంగోల్లో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివిస్తే పైకొచ్చిన మనిషి, మా వైపు జిల్లాకే పేరైనవాడు. స్థానిక పాలన శాఖ బెజవాడ గోపాలరెడ్డి గారిది. బుచ్చిరెడ్డిపాలెం వాడు, శాంతినికేతన్‌లో చదివినవాడు, అప్పటికి ఇంకా 30 ఏళ్ళు నిండలేదు. కార్మిక, పరిశ్రమల శాఖలు బరంపురం వాడైన గిరి గారివి. న్యాయం, విద్య పి. సుబ్బరాయన్ గారివి. ఈయన సేలం వైపు జమీందారు, 1926 నుంచి 1930 దాకా మద్రాసు ప్రభుత్వాన్నే నడిపినవాడు.

ఈ నలుగురి తర్వాతి దారులు చూడండి. సుబ్బరాయన్ 1949లో ఇండోనేషియాకి రాయబారిగా వెళ్ళారు. గిరి గారు అంతకుముందే సిలోన్ వెళ్ళారు. మన వైపు వాళ్ళిద్దరూ మాత్రం వెళ్ళలేదు. ఒకే మంత్రివర్గం నుంచి ఇద్దరు రాయబారులు రావడం ఇప్పుడు వింతగా ఉంటుంది గానీ అప్పుడు కాదు. విదేశాంగ సర్వీసు అనేది 1946 అక్టోబరులో పుట్టింది. ఏడాది తిరక్కుండా స్వాతంత్ర్యం వచ్చింది. దేశదేశాలకీ మనుషుల్ని పంపాలి, చేతిలో ఉన్న అధికారులు చాలరు. అందుకని పార్టీ వాళ్ళ మీద పడ్డారు. పాకిస్తాన్‌కి శ్రీప్రకాశ, అమెరికాకి ఆసఫ్ అలీ, మాస్కోకి విజయలక్ష్మీ పండిట్. ఆవిడ కూడా 1937లో యు.పి.లో మంత్రే. అంటే రాష్ట్ర మంత్రి రాయబారి కావడం అప్పట్లో పద్ధతే. (మాస్కోకి ఆవిడ తర్వాత వెళ్ళిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు మన నెల్లూరు జిల్లా సర్వేపల్లిదే. కానీ ఆయన్ని రాజకీయ నాయకుల లెక్కలో వేస్తే ఆయనే ఒప్పుకునేవారు కాదేమో.)

పెదనాన్న మాటలో నిజమైన సగం ఇక్కడుంది. 1946 ఏప్రిల్ 30న ప్రకాశం గారు మద్రాసు ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవాళ్ళు) అయ్యారు. గిరి గారు మళ్ళీ కార్మిక మంత్రి. పదకొండు నెలలు తిరక్కముందే, 1947 మార్చిలో ఆ ప్రభుత్వం పడిపోయింది. పడగొట్టింది ప్రతిపక్షం కాదు, సొంత కాంగ్రెస్ వాళ్ళే. ఓమండూరు రామస్వామి రెడ్డియార్ వచ్చారు. ఆయన మంత్రివర్గంలో గోపాలరెడ్డి గారికి ఆర్థిక శాఖ దక్కింది, గిరి గారికి చోటు లేదు. ఆ ఏడే కొలంబో. పదవి పోయిన మంత్రికి పదవి ఇచ్చారు అని ఎవరైనా అంటే కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

కానీ ఆయన్ని పంపిన చోటు చూస్తే కథ మారుతుంది.

గిరి గారంటే రైల్వే యూనియన్. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళి, అక్కడి ఐరిష్ స్వాతంత్ర్య వీరులతో తిరిగి, 1916 తిరుగుబాటు తర్వాత ఆ దేశం వదలాల్సి వచ్చి తిరిగొచ్చారు. మద్రాసులో నల్లకోటు వేసుకున్నా మనసు అందులో నిలవలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం కట్టారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్యోగాలు ఊడబెరికినప్పుడు సమ్మె నడిపారు. దేశమంతటి కార్మిక సంఘాల సమాఖ్య అయిన ఎ.ఐ.టి.యు.సి.కి అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవా కార్మిక సమావేశానికి, 1931లో లండన్ రౌండ్ టేబుల్‌కి కార్మికుల తరఫున వెళ్ళారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా గారిని బొబ్బిలిలోనే ఓడించారు, ఇది గైడులో ఉంటుంది. గైడులో లేనిది ఆయన పద్ధతి. కార్మికుడూ యజమానీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, మూడోవాడు తీర్పు చెప్పి ఇద్దరి నెత్తినా రుద్దకూడదు అన్నది ఆయన మొండి నమ్మకం. తర్వాత రోజుల్లో దానికి గిరి పద్ధతి అనే పేరే స్థిరపడింది.

అలాంటి మనిషిని సిలోన్‌కి పంపారు. అక్కడేముంది? తేయాకు తోటలు. తోటల్లో మన దేశం నుంచి వెళ్ళిన కూలీలు, పిల్లాపాపలతో కలిపి ఏడెనిమిది లక్షలు.

ఇంగ్లీషు దొరలు కాఫీ తోటలు వేసిన కాలం నుంచీ కంగాణీలు, అంటే కూలీల మేస్త్రీలు, మనుషుల్ని జట్లు జట్లుగా పట్టుకుపోయారు. 1870ల్లో కాఫీకి ఆకు తెగులు తగిలి ఆ పంట పోయింది, దాని జాగాలో తేయాకు వచ్చింది, కూలీలు ఉండిపోయారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది తమిళ జిల్లాల వాళ్ళే. మన కోస్తా వాళ్ళ దారి రంగూన్ దారి. కాబట్టి సిలోన్ అంటే మన ఇళ్ళల్లో కూలీ జ్ఞాపకం లేదు. ఉన్నదల్లా రేడియో. మా తాత రేడియో సిలోన్ కోసం మర్ఫీ సెట్టు ముల్లుని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పేవాడట. తెలుగు పాట దొరగ్గానే ఊపిరి కూడా మెల్లగా వదిలేవాడని, ఎవరైనా దగ్గితే కసిరేవాడని మా నాన్న చెప్తాడు. ఆ పాటల వెనక ఏడెనిమిది లక్షల మంది ఏ దేశమూ లేకుండా కూర్చున్నారన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు.

1947లో సిలోన్ ఎన్నికల్లో తోట కార్మికుల సంఘమైన సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ ఏడు సీట్లు గెలిచింది. ఇంకొన్ని చోట్ల వాళ్ళ ఓట్లు వామపక్షాలకి పడ్డాయి. ఇది ప్రధాని డి.ఎస్. సేనానాయకేకి రుచించలేదు. 1948 ఫిబ్రవరి 4న సిలోన్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ సంవత్సరమే పౌరసత్వ చట్టం చేశారు. పుట్టుకతో పౌరసత్వం కావాలంటే నువ్వు సిలోన్‌లో పుడితే చాలదు, మీ నాన్న కూడా అక్కడే పుట్టాలి, లేదంటే తాతా ముత్తాతా పుట్టాలి. దానికి కాగితం ఉండాలి. 1949లో భారత, పాకిస్తాన్ నివాసుల కోసమని ఇంకో చట్టం. పెళ్ళయినవాళ్ళయితే ఏడేళ్ళు, కానివాళ్ళయితే పదేళ్ళు ఏకబిగిన అక్కడే ఉన్నట్టు చూపించి దరఖాస్తు పెట్టుకోవాలి, గడువు రెండేళ్ళు. అదే ఏడు ఎన్నికల చట్టమూ మార్చి, పౌరులు కానివాళ్ళ ఓటు తీసేశారు. మూడు దెబ్బలూ గిరి గారు హైకమిషనర్‌గా ఉండగానే పడ్డాయి.

ఈ కాగితం సంగతి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది నాకు బాగా తెలిసిన విషయం. మా నాయనమ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. "గాలివాన కొట్టిన ఏడు, మినుములు పీకేటప్పుడు" అనేది. రేషన్ కార్డులో ఒక వయసు, ఓటరు కార్డులో ఇంకోటి, ఆసుపత్రి చీటీలో నర్సమ్మ మొహం చూసి వేసిన మూడోది. వృద్ధాప్య పింఛను కోసం ఆ మూడింటినీ కలిపే పని నా మీద పడింది. ఆఫీసులో గుమాస్తా మూడు కాగితాలూ బల్ల మీద వరసగా పేర్చి, "వీళ్ళు ముగ్గురూ ఒక్కరేనా?" అని అడిగాడు. ఆవిడ అక్కడే, నా పక్కనే, స్టూలు మీద కూర్చుని ఉంది. సొంత ఊళ్ళో, సొంత భాషలో ఇది. సముద్రం అవతల కొండ మీది లైన్ గదిలో ఉండే ఆడమనిషి, వాళ్ళ నాన్న ఏ తోటలో పుట్టాడో రుజువు తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కదలకుండానే చిరునామా మారిపోవడం కూడా మాకు కొత్త కాదు. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుడితే అందులో కలిశాం, 1972లో దానికి ప్రకాశం గారి పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరు. ఆ తర్వాత కూడా మార్పు మాటలు ఆగలేదు. మాకు పోయేదేముంది, బోర్డులు మారతాయి, కలెక్టరాఫీసుకి వేరే బస్సెక్కుతాం. ఆ తోటల వాళ్ళకి మాత్రం ఇల్లు కదలకుండానే దేశం పోయింది.

సరే, గిరి గారు ఏం చెయ్యగలిగేవాడు? నా వాదనంతా ఇక్కడే ఉంది.

మా పెదనాన్న పొగాకు రైతు. ఆకు కాల్చే బ్యారన్లు రెండు, నలభై ఏళ్ళ వేలం అనుభవం. ఆయన భాషలో చెప్తే ఆయనకి తొందరగా ఎక్కుతుంది. వేలం కేంద్రంలో బేళ్ళు వరసగా పెడతారు, కొనేవాళ్ళు చూసుకుంటూ ధర చెప్పుకుంటూ పోతారు. ధర నచ్చకపోతే రైతు అమ్మనని చెప్పి బేలు వెనక్కి తెచ్చుకోవచ్చు. అప్పులున్నవాడు తెచ్చుకోలేడు, అది వేరే సంగతి. కానీ ఆ హక్కంటూ ఉంది గనకే దాన్ని బేరం అంటాం. యూనియన్ నాయకుడికి ఆ హక్కు పేరు సమ్మె. మంత్రికి ఆ హక్కు పేరు రాజీనామా. గిరి గారు రెండూ ఎరిగినవాడు. కొలంబోలో ఆయనకి రెండూ లేవు.

హైకమిషనర్ పరాయి దేశంలో తోట కూలీలని సమ్మెకి లేపకూడదు. బహిరంగంగా ఆ దేశపు చట్టాన్ని తిట్టకూడదు. ఉత్తరాలు నెహ్రూకీ సేనానాయకేకీ మధ్య నడిచాయి. 1947 డిసెంబరులో ఢిల్లీలో మాటలూ వాళ్ళ మధ్యనే జరిగాయి. వాళ్ళు సిలోన్‌లో స్థిరపడినవాళ్ళు, సిలోన్ పౌరులు కావాలి అన్నది ఢిల్లీ మాట. న్యాయమైన మాటే. కానీ సిలోన్ కాదంటే ఏం చేస్తాం అన్నదానికి ఆ మాటలో జవాబు లేదు. వాళ్ళందర్నీ మా పౌరులుగా తీసుకుంటాం అని ఢిల్లీ అనలేదు, అనదలుచుకోలేదు. మన రాజ్యాంగం 8వ అధికరణం ప్రకారం తల్లిదండ్రుల్లోనో అవ్వాతాతల్లోనో ఒకరు భారతదేశంలో పుట్టి ఉంటే, పరాయి దేశంలో ఉన్నవాళ్ళు అక్కడి మన రాయబారి దగ్గర పేరు రాయించుకుని పౌరులు కావచ్చు. అంటే ఆ రిజిస్టరు ఉండాల్సింది గిరి గారి ఆఫీసులోనే. రాయించుకుంటే సిలోన్‌లో ఉండే హక్కుకి నీళ్ళు వదులుకున్నట్టు. రాయించుకోకపోతే అక్కడి దరఖాస్తు తేలేదాకా ఎక్కడి మనిషీ కాదు. జీవితమంతా కార్మికుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషిని తీసుకెళ్ళి ఆ రిజిస్టరు ఇవతల కూర్చోబెట్టారు.

చివరికి ఆ రెండేళ్ళ గడువులో దరఖాస్తులు పెట్టుకున్నవాళ్ళు ఎనిమిది లక్షల పైచిలుకు. పదేళ్ళకి పైగా సాగదీసి వాటిలో సిలోన్ ఒప్పుకున్నది 1,34,000 మందిని.

తిరునాళ్ళలో రాయబారం సీను చూడనివాడు మా వైపు ఎవడూ ఉండడు. కృష్ణుడు సభలోకి వస్తుంటే ముందు వరసలో ముసలాళ్ళు కూడా నిటారుగా కూర్చుంటారు. కానీ ఉద్యోగపర్వంలో రాయబారం ఒకటి కాదు. కృష్ణుడి కంటే ముందు కౌరవుల వైపు నుంచి సంజయుడు వస్తాడు. ధృతరాష్ట్రుడు పంపాడు. మంచి మనిషి, మాట తీరు బాగుంటుంది, యుద్ధం వద్దు అని నాలుగు విధాల చెప్తాడు. రాజ్యంలో పాలు ఇస్తారా అంటే ఆ ఊసు మాత్రం తెచ్చి ఉండడు, పంపినవాడు ఇవ్వలేదు గనక. కృష్ణుడు అలా కాదు. అయిదూళ్ళిచ్చినా చాలు అనగలడు, కాదంటే ఏమవుతుందో సభలో అందరి మొహం మీదా చెప్పగలడు. రాయబారం చెడినా వెళ్ళినవాడు తక్కువైపోలేదు.

సిలోన్‌కి ఢిల్లీ పంపింది కృష్ణుడి లాంటి మనిషిని. చేతిలో పెట్టింది సంజయుడి సందేశం. నాలుగేళ్ళు ఫలించకపోతే తప్పు మనిషిదనీ, రాజకీయ నాయకుడికి దౌత్యం చేతకాదనీ అంటారు. నేను ఒప్పుకోను. ఆయనలోని రాజకీయ నాయకుణ్ణి పని చెయ్యనిస్తే గదా చేతనైందో లేదో తెలిసేది.

ఇది గిరి గారి మీద గౌరవంతో అంటున్న మాట కాదు, ఆయన తర్వాతి నడత చూసి అంటున్నాను. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం ఉద్యోగులకి నష్టంగా మార్చింది. 1954లో ఆయన రాజీనామా ఇచ్చి బయటికి నడిచారు. తన మాట చెల్లని కుర్చీలో కూర్చోనని నెహ్రూకే చెప్పిన మనిషి అతను. 1969లో ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా ఇచ్చి స్వతంత్రుడిగా రాష్ట్రపతి ఎన్నికకి నిలబడి, నీలం సంజీవరెడ్డి గారిని ఓడించారు. (దాని వెనక ఇందిరా గాంధీ లెక్కలున్నాయి, ఆ కథ వేరు, రాష్ట్రపతిగా ఆయన ఆవిడ మాట జవదాటలేదన్న విమర్శా ఉంది. దానిలో నేను ఆయన పక్షం కాదు.) మధ్యలో 1957లో పార్వతీపురంలో ఓడిపోతే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అక్కడా ఓడారు. ఆ ఏడే యు.పి. గవర్నరు. సరిగ్గా పదేళ్ళ తర్వాత, 1967లో, అదే లక్నో రాజ్‌భవన్‌కి మన గోపాలరెడ్డి గారూ గవర్నరుగా వెళ్ళారు.

గోపాలరెడ్డి గారి పేరొచ్చింది గనక ఒక కోరిక చెప్పుకుంటాను. ఆయన బెంగాలీ చదువుకున్నవాడు, రవీంద్రుణ్ణి తెలుగు చేసినవాడు. ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా, ఢిల్లీలో మంత్రిగా చేసిన అనుభవమూ ఉంది. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ కొత్తగా పుట్టినప్పుడు ఆయన లక్నోలో గవర్నరు గడువు పూర్తి చేసుకుంటున్నారు. బుచ్చిరెడ్డిపాలెం పెద్దమనిషి ఢాకాలో వాళ్ళ భాషలో, వాళ్ళ కవి మాటలతో మాట్లాడుతుంటే ఎలా ఉండేదో! అలాంటి మనిషిని రాజ్‌భవన్ పచ్చికలో కూర్చోబెట్టడమే నాకు వృథా అనిపిస్తుంది. మనకి గవర్నరంటే గొప్ప, రాయబారంటే వనవాసం. ఈ లెక్క ఎక్కడ మొదలైందో గానీ తిరగేస్తే తప్ప బాగుపడదు.

నెల్లూరుకైతే ఈ లెక్క అసలు ఉండకూడదు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధిని దాయాదులు అక్కన, బయ్యన రాజ్యం నుంచి తరిమేస్తే, సాయం అడగడానికి ఓరుగల్లుకి, కాకతి గణపతిదేవుడి దగ్గరికి వెళ్ళింది మంత్రి తిక్కనే అని చెప్తారు. గణపతిదేవుడు సాయం పంపాడు, మనుమసిద్ధికి నెల్లూరు తిరిగొచ్చింది. అందరికంటే ముందు రాయబారిగా వెళ్ళిన నెల్లూరు మంత్రి ఆయనే అనుకోవచ్చు. మనుమసిద్ధి ఆయన్ని వదిలించుకోవడానికి పంపలేదు. తన తరఫున మాటివ్వగల మనిషనే పంపాడు. ఉద్యోగపర్వం తెలుగు చేసిందీ ఈయనే. సంజయుడికీ కృష్ణుడికీ తేడా ఆయనకి పుస్తకంలో చూసి తెలుసుకోవాల్సిన అవసరం లేకపోయింది.

ఇదంతా పాత గొడవ కదా, ఇప్పుడెందుకు అంటారా? మా చిన్నమ్మ కూతురు ఇంటిపని వీసా మీద గల్ఫ్‌లో ఒక దేశం వెళ్ళింది. రెండేళ్ళ ఒప్పందం అయిపోయినా యజమాని పాస్‌పోర్టు ఇవ్వలేదు. అక్కడి మన ఆఫీసుకి వెళ్ళమని అందరూ చెప్పారు. దానికి బయటికి వచ్చే వీలు శుక్రవారం ఒక్క పూటే. శుక్రవారం ఆ ఆఫీసుకి సెలవు. ఫోన్ చేస్తే ఫారం నింపి స్వయంగా రావాలన్నారు, మర్యాదగానే అన్నారు. ఎవరూ దాన్ని కసరలేదు, లంచం అడగలేదు. రూల్ చెప్పారు. శుక్రవారం తప్ప రాలేని మనిషి ఎట్లా రావాలన్నది మాత్రం ఆ రూల్లో లేదు. మా చిన్నమ్మకి ఆ నాలుగు నెలలూ టెన్షన్‌తో షుగరు పెరిగిపోయింది. చివరికి పని జరిగింది ఎట్లాగంటే, మా వైపు ఒక చోటా నాయకుడి ఇంటి ముందు చిన్నమ్మ పొద్దున్నే ఆరింటికి వెళ్ళి కూర్చుంది. ఆయన బ్రష్ నోట్లో పెట్టుకునే విన్నాడు. విని అడిగిన మొదటి ప్రశ్న, "పిల్లకి ఏ రోజు సెలవు?"

ఆ ప్రశ్న ఆయనకి ఎందుకు తట్టింది? రోజూ పొద్దున అలాంటి వాళ్ళు పదిమంది గుమ్మంలో ఉంటారు కాబట్టి. ఆయన గొప్ప మనిషేం కాదు, పక్కూళ్ళో చెరువు మట్టి అమ్ముకున్న పేరు కూడా ఉంది. కానీ ఆ గుణం పరీక్ష రాసి వచ్చేది కాదు. ఓట్లు అడగడానికి ఇల్లిల్లూ తిరిగితే వస్తుంది. కెరీర్ దౌత్యాధికారులు వద్దని నేననను, ఒప్పందాలూ వాణిజ్యమూ వాళ్ళకే తెలుసు. మన కూలీలు, నర్సులు, డ్రైవర్లు లక్షల్లో ఉన్న దేశాలకి మాత్రం, గుమ్మంలో జనాన్ని చూసిన మనిషి పెద్ద కుర్చీలో ఉండాలి. ఓడిపోయినవాడైనా సరే, టికెట్ రానివాడైనా సరే. పింఛను పదవే కానీ, ఆ పింఛనుకి పని ఉంది. షరతల్లా ఒకటే. పంపేటప్పుడు సంచిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి, కనీసం అయిదూళ్ళయినా.

ఇంతా చదివి ఉగాదికి మళ్ళీ కందుకూరు వెళ్ళాను. పెదనాన్న బ్యారన్ దగ్గర మంచం మీద ఉన్నాడు. కథంతా చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. తిక్కన దగ్గర తలూపాడు. చివర్లో 1964 ఒప్పందం చెప్పాను. గిరి గారు కొలంబో వదిలిన పదమూడేళ్ళకి, ఆయన కేరళ గవర్నరుగా ఉన్న రోజుల్లో, లాల్ బహదూర్ శాస్త్రీ సిరిమావో బండారనాయకే కూర్చుని సంతకాలు పెట్టారు. మొత్తం 9,75,000 మంది. ఇండియాకి 5,25,000, సిలోన్‌కి 3,00,000, మిగిలిన లక్షన్నర తర్వాత చూద్దాం అనుకున్నారు. 1974లో వాళ్ళనీ చెరిసగం చేశారు. ఇటు ఏడుగురొస్తే అటు నలుగురికి పౌరసత్వం, ఆ దామాషాలో జరగాలని రాసుకున్నారు.

"ఏడుకి నాలుగా?" అన్నాడు. వేళ్ళ మీద ఏదో లెక్క వేశాడు. "వాళ్ళనెవురన్నా అడిగారంటనా, నువ్వు ఏడులో ఉంటావా నాలుగులో ఉంటావా అని?"

అడగలేదన్నాను.

"గిరి గారుంటే అడిగుండేవాడంటావా?"

ఏమో పెదనాన్నా అన్నాను. ఆయన లేచి బ్యారన్ తలుపు తీసి లోపలికి చూసి, వేడి సరిపోలేదని పుల్లలు ఎగదోయడానికి వెళ్ళాడు.